ఏడో గడిలో సున్నా

మా మనవరాలు రేష్మ తన పుస్తకంలోని మూడో అధ్యాయం నాకు చదివి వినిపించిన రోజున నేను కడపలో మా ఇంటి వరండాలో కూర్చుని మటిక్కాయలు గిల్లుతున్నాను. రేష్మ నా కొడుకు కూతురు. ఇక్కడే ఎం.ఏ. సోషియాలజీ చదువుతోంది. రెండేళ్ళు క్లాసులు విన్నాక చివర్లో ఒక ఊరికి పోయి, మనుషుల్ని అడిగి, ఒక పుస్తకం రాసి ఇస్తేనే పట్టా చేతికొస్తుంది. దాన్ని డిసర్టేషన్ అంటారు. ఐదో తరగతితో బడి మానేసిన దానికి ఇంత మాట ఎట్లా తెలుసని ఎవరైనా అనుకోవచ్చు. యాభై ఏళ్ళ కింద మా పుట్టింట్లో ఆ మాట ఉప్పు, చింతపండు అన్నంత మామూలుగా వినపడేది. రేష్మ రాసింది ఇంగ్లీషులో. ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి చెబుతోంది. "యాభై ఏళ్ళ కింద ఈ ఊర్లో ఆడవాళ్ళు శానామందికి ఏ పనీ ఉండేది కాదు. ఇంటి పట్టున ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మనవరాళ్ళు మిషన్లు కుడుతున్నారు, అంగళ్ళు నడుపుతున్నారు. ఇది పెద్ద మార్పు." ఆ మాట ఎక్కడి నుంచి తీసుకున్నదీ కింద రాసుకుంది. మా అన్న దస్తగిరి పేరు, ఆయన ఎం.ఏ.కి రాసిన పుస్తకం పేరు, పేజీ నంబరు.

నా చేతిలో కాయ అట్లే నిలబడిపోయింది. ఇంకోసారి చదవమన్నాను. చదివింది. మళ్ళీ చదవమంటే విసుక్కుంది. "ఏం జేజీ, బాగలేదా?" అంది. బాగుంది అన్నాను. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మా అన్న చనిపోయి రెండేళ్ళయింది. ఆయన ట్రంకు పెట్టెను మా వదిన నా దగ్గరికి పంపించింది. పెట్టెలో నల్ల అట్ట పుస్తకం ఒకటి, దాని మీద బంగారు రంగు అక్షరాలు సగం రాలిపోయి, దాని కింద పాత చీర పేలికతో కట్టిన ఫారాల కట్ట. రేష్మ పోయినేడు దాన్ని చూసినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది. అదే ఊరు, అవే ఇళ్ళు, యాభై ఏళ్ళ తేడా. వాళ్ళ గైడు మేడం, "ఇట్లాంటి ఆధారం దొరకడం అదృష్టం, రెండింటినీ పోల్చి రాయి" అందట. రేష్మ రైలెక్కి ఆదోని పోయింది, అక్కడి నుంచి మా ఊరు పోయింది, ఫోనులో ప్రశ్నలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆ ఫారాల మీది గుండ్రటి అక్షరాలు ఎవరివని ఆ పిల్ల అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం మా అన్న. మా వంశంలో ఎం.ఏ. దాకా పోయినవాడు ఆయన ఒక్కడే. చనిపోయినవాడి చదువులో తప్పుందని నా నోటితో ఎట్లా చెప్పేది? ఆ తప్పు నా చేత్తో రాసిందని ఎట్లా చెప్పేది?

మాది ఆదోని దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి నేల. మా నాయన ఖాసీమయ్య దూది ఏకేవాడు. దూలానికి వేలాడగట్టిన పెద్ద విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టడానికి చేతిలో కొయ్య. పొద్దు పొడిచేసరికి టంయ్ టంయ్ మని మొదలయ్యేది. పచ్చి పత్తికి ఒక వాసన ఉంటుంది, ఎండలో కాగిన గింజల నూనె వాసన. మా ఇంటికి వచ్చినవాళ్ళు ముక్కు నలుపుకునేవాళ్ళు, మాకు మాత్రం ఆ వాసన లేని ఇంటికి పోతే అన్నం సహించేది కాదు. కనురెప్పల మీద దూది, తలలో దూది, జొన్నరొట్టె విరిస్తే అందులో ఒక పోగు. మా నాయన తడి తువ్వాలు ముక్కుకు చుట్టుకుని ఏకేవాడు. పది దెబ్బలకొకసారి ఆగి దగ్గేవాడు, దగ్గి, తనలో తానే "అయింది" అనుకుని మళ్ళీ కొట్టేవాడు.

మా అమ్మ హుసేనమ్మ పొద్దున్నే రొట్టెలు తట్టి, ఊరిబిండి పచ్చడి నూరి, మమ్మల్ని లేపి, అప్పుడు కూర్చునేది బొంతల మీద. పాత చీరలు ఉతికి, ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో పలచగా దూది వేసి, దబ్బనంతో అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోయేది. నేను ఎదురు కొస పట్టుకుని బిగించాలి. వరస వంకర పోతే నా మోకాలి మీద వేలితో ఒకటి వేసేది. కడపటి మూల కుట్టే ముందు నాలుగు జొన్న గింజలు లోపల వేసి కుట్టేది. ఒట్టి బొంత కప్పుకుంటే నిద్రలో ఆకలేస్తుందని ఆమె నమ్మకం. పరుపులూ అంతే, దిండ్లూ అంతే, సంచి కుట్టడం, దూది నింపడం, మధ్య మధ్య టాకాలు వేయడం అంతా ఆమె చేతి మీదే. నాయనకు దగ్గు ఎక్కువైన రోజుల్లో ఏకడం కూడా ఆమే. అప్పుడు మాత్రం తలుపు సగం మూసేది. నాయన బయట అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. దావలో పోయేవాళ్ళు, "ఏం ఖాసీమయ్యా, నువ్వు ఈడ ఉంటే లోపల ఎవరప్పా ఏకేది?" అంటే, "మా తమ్ముడు వచ్చినాడు" అనేవాడు. మా నాయనకు తమ్ముళ్ళు లేరు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా అడిగినవాళ్ళు, "అట్లనా, మంచిది" అని పోయేవాళ్ళు. బొంత కొన్నవాళ్ళు ఖాసీమయ్య బొంత అనేవాళ్ళు. అది మర్యాద. పెండ్లాం చేత పని చేయించుకుని తింటున్నాడని మగవాడిని అనిపించడం మా వైపు ఏ ఆడదీ చేయదు.

మా అన్న బి.ఏ. అయినాక కర్నూల్లో ఎం.ఏ.లో చేరాడు. ఎకనామిక్స్ అడిగితే సీట్లు అయిపోయాయి, సోషియాలజీలో ఉన్నాయన్నారు. చేరి వచ్చిన రోజు టీ అంగడి ఈరన్న పట్టుకున్నాడు.

"ఏం చదువప్పా అది?"

"సోషియాలజీ అన్నా. మనుషులు ఎట్ల బతుకుతాండారో చదివేది."

"దానికి కర్నూలు దాకా పోవల్లనా? ఈ బెంచీ మీద కూర్చో, నాలుగు రోజుల్లో అంతా తెలుస్తాది. టీ కూడా తాగొచ్చు."

అన్న నవ్వాడు గాని ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. సెలవులకు ఇంటికొస్తే ఈరన్న బెంచీ ముందు నుంచి రాకుండా చుట్టు తిరిగి వచ్చేవాడు. కానీ అన్న ముఖంలో అప్పుడొక వెలుగు ఉండేది, దాన్ని నేను మరిచిపోలేను. అన్నం తింటూ చెయ్యి గాల్లో నిలబెట్టి, మన ఊరు గురించి ఎవరూ రాయలేదమ్మా, నేను రాస్తా అనేవాడు. అమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ చెయ్యి ఎండిపోకముందే ఇంకొక రొట్టె వేసేది.

రెండో ఏడు వేసవిలో ఫారాల కట్ట తెచ్చాడు. ఇంటికొక ఫారం. పేరు, వయసు, చదువు, పొలం అన్నిటికీ గళ్ళు. ఏడో గడి వృత్తి. అందులో మాట రాయకూడదు, అంకె వేయాలి. సేద్యానికి ఒకటి, కూలికి రెండు, చేతిపనికి మూడు, ఉద్యోగానికి నాలుగు, ఏ పనీ లేకపోతే సున్నా. మగవాళ్ళను అన్న అరుగుల మీద కూర్చుని అడిగాడు. ఆడవాళ్ళ దగ్గర చిక్కొచ్చింది. పెళ్ళీడు మగపిల్లవాడు వంటింటి గడప దగ్గర నిలబడి నీ వయసెంత అని అడిగితే ఎవరు చెబుతారు? మొదటి రోజే ఒకామె పొయ్యిలో కట్టె తీసిందట. అందుకని నన్ను తీసుకుపోయాడు. నాకప్పుడు పదహారు దాటాయి. అక్షరం గుండ్రంగా ఉంటుందని అన్నకు నా రాత మీద నమ్మకం. పోయే ముందు ఒకటే చెప్పాడు.

"మాబూ, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయల్ల. నీ తెలివి అందులో కలపొద్దు. కలిపితే రీసెర్చ్ చెడిపోతాది."

నేను కలపలేదు. ఆ వేసవిలో నేను తిరిగిన ఇళ్ళు ఇప్పటికీ వరసగా చెప్పగలను. గౌండ్ల సుంకమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. సేద్యగాళ్ళు గోనెలు దించిపోతే ఒలిచి గింజలు ఇస్తుంది, బొటనవేలి గోరు సగం అరిగిపోయి ఉంది. "నీకేం పని అత్తా?" అని అడిగితే, "నాకేం పని పాపా, ఊరికే ఉండా" అంది. సున్నా వేశాను. పక్కింటి లక్ష్మి పొలం నుంచి అప్పుడే వచ్చి కొంగులో పత్తి దులుపుకుంటోంది, వాళ్ళ ఆయన మంచం మీద పడుకున్నాడు. "మా ఆయప్ప తెస్తే తింటా" అంది గొంతు పెంచి, మంచం దాకా వినపడేట్టు. సున్నా. ఒకామె ఎనుమును పిండుతూ చెప్పింది ఊరికే ఉండానని, పాలు చెంబులో నురుగుతున్నాయి. ఇంకొకామె, చెప్తే దిష్టి తగుల్తాదిలే, ఏమీ లేదని రాసుకో అంది. వాళ్ళందరి చేతులూ నేను చూశాను. చూసింది రాయమని నాకెవరూ చెప్పలేదు, విన్నది రాయమన్నారు. అయినా నిజం చెప్పాలంటే నాకు అది తప్పుగా తోచను కూడా లేదు. మా ఊర్లో పెరిగిన పిల్లను, రేపు నన్ను ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతానని నాకు తెలుసు.

అన్నీ అయినాక అన్న కట్ట లెక్క చూసి, మనిల్లు వదిలేసినావే అన్నాడు. అమ్మ అప్పుడు బొంత మీద ఉంది. నేను ఒక కొస మోకాలి కింద తొక్కిపెట్టి, ఫారం దాని మీదే పెట్టుకుని అడిగాను.

"అమ్మా, నీ పని ఏందని రాయల్ల?"

"నాకేం పనుంది మే. ఊరికే ఉండా."

దబ్బనం చేతిలో ఉంది. దారం కొస పళ్ళ మధ్య ఉంది. ఆ పళ్ళ మధ్య నుంచే ఆ మాట వచ్చింది. నేను ఏడో గడిలో సున్నా వేసి, ఫారం పక్కన పెట్టి, కొస మళ్ళీ బిగించి పట్టుకున్నాను.

నల్ల అట్ట వేయించి అన్న పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు నాయన బూందీ పంచాడు. ఈరన్న కూడా వచ్చి పుస్తకాన్ని రెండు చేతులా తూకం చూసి, "మన ఊరు ఇంత బరువుండాదా" అన్నాడు. అందరూ పోయినాక అమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అట్ట మీద ఒక్క వేలు పెట్టింది.

"నా గురించి ఏం రాస్తివి నాయనా?"

అన్న ఉత్సాహంగా పేజీ తీసి తెలుగులో చెప్పాడు. ఈ ఊరి ఆడవాళ్ళలో ఎక్కువ మందికి వృత్తి అంటూ లేదు, మగవాళ్ళ సంపాదన మీద ఆధారపడి ఇంటి పట్టున ఉంటారు. గైడు సారు ఆ పేజీ చూసి మంచి విషయం పట్టుకున్నావని మెచ్చుకున్నాడని కూడా చెప్పాడు. అమ్మ విన్నది. ఆమెకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అట్లయితే ఈ బొంతలు ఎవరు కుడ్తాండారు నాయనా?"

అన్న నవ్వాడు. నవ్వుతూనే నా వైపు చూశాడు. నేను బూందీ గిన్నె వైపు చూశాను. తర్వాత ఆయన ఆ పేజీ మళ్ళీ చదువుకున్నాడు, మనసులో చదువుకున్నాడు, పెదవులు మాత్రం కదిలాయి. పుస్తకం మూసి, "నిజమేమ్మా. పి.హెచ్.డి.లో సరి చేస్తాలే" అన్నాడు. అమ్మ, "నీ ఇష్టం నాయనా, నాకేం తెలుస్తాది" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ పి.హెచ్.డి. మా ఇంటిని ఎన్నేళ్ళు పట్టుకుందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. చేరడానికి ఒక ఏడు. చేరినాక ఒక్కో అధ్యాయం గైడు సారు ఇంట్లో ఆరు నెలలు పడి ఉండేది. ఊరికే పోకూడదని అన్న పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకుపోయేవాడు. మొదట్లో వేరుశనగ కాయలు. ఒకసారి అమ్మ కుట్టిన బొంత తీసుకుపోతే సారు భార్యకు శానా నచ్చిందట. తర్వాత వాళ్ళ కూతురి పెళ్ళికి రెండు పరుపులు, ఆరు దిండ్లు, నాలుగు బొంతలు కావాలని కబురొచ్చింది. దుడ్ల మాటే రాలేదు, మేమూ అడగలేదు. అమ్మ ఆ ఎండాకాలమంతా వాటి మీదే కూర్చుంది. ప్రతి మూలలో జొన్న గింజలు మరిచిపోకుండా వేసింది, వాళ్ళింట్లో కూడా నిద్రలో ఆకలి కాకూడదు కదా అని. నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే. మా అమ్మకు పనిలేదని రాసిన పేజీని మెచ్చుకున్న మనిషి మా అమ్మ కుట్టిన బొంత కప్పుకుని పడుకున్నాడు. ఆయనకు అందులో ఏ తేడా కనపడలేదు. ఆయన చదివిన చదువుకే కనపడలేదంటే ఐదు చదివిన నాకు కనపడలేదని నన్ను నేను ఎంత తిట్టుకోవాలి?

ఆడవాళ్ళ పని మీద అన్న కొత్తగా ఒక అధ్యాయం రాశాడు. అమ్మను తోడు తీసుకుని మళ్ళీ ఇళ్ళకు పోయి, ఈసారి ఏం పని అని అడగకుండా, పొద్దున లేస్తానే ఏం చేస్తావు, తర్వాత ఏం చేస్తావు అని అడిగి రాసుకొచ్చాడు. అప్పటికే నేను పెళ్ళయి కడప వచ్చేశాను, ఉత్తరంలో రాశాడు, మాబూ, ఈసారి సున్నాలు లేవు అని. గైడు సారు ఆ అధ్యాయం చూసి, నీ ఎం.ఏ.లో ఒకటి రాసి ఇప్పుడు దానికి అడ్డంగా ఇంకొకటి రాస్తే ఎవరు నమ్ముతారు, ఏదో ఒకటి తీసేయమన్నాడు. అన్న తీయలేదు. పెట్టి పుస్తకం ఇవ్వనూ లేదు. సారు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన సారు అంశమే మార్చుకోమన్నాడు. స్కాలర్‌షిప్ ఎప్పుడో ఆగిపోయింది. కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో సోషియాలజీ చెప్పాడు. చేరే పిల్లలు తగ్గిపోయి ఆ గ్రూపు ఎత్తేస్తే అదే కాలేజీ ఆఫీసులో హాజరు పట్టీలు రాశాడు. ఊరికి వస్తే ఈరన్న వదిలేవాడు కాదు. "రాప్పా డాక్టరూ, మోకాళ్ళు నొస్తాండాయి, ఒక సూది ఏసిపో." అన్న నవ్వి కూర్చునేవాడు. వయసు మీద పడ్డాక ఆ బెంచీని తప్పించుకోవడం మానేశాడు. నన్ను చూడ్డానికి కడప వచ్చినప్పుడు మాత్రం, ఇంకా రెండు అధ్యాయాలే మిగిలినాయి అనేవాడు. అమ్మ చనిపోయిన ఏడు కూడా అదే మాట అన్నాడు. ఆ కొత్త అధ్యాయం ఏమైందో తెలియదు. ట్రంకులో మొత్తం వెతికాను. నల్ల పుస్తకం ఉంది, నా సున్నాల కట్ట ఉంది, అది మాత్రం లేదు.

ఇప్పటి చదువు అప్పటిలా లేదని అందరూ అంటారు. నిజమే, రేష్మకు కాగితాల కట్ట మోసే పని లేదు, ఫోనులో వేలితో తాకితే చాలు. ఎవరి ఇంటికీ పరుపులు మోయక్కర్లేదు. ఊరికి పోయే ముందు ఆ పిల్ల నా మీదే ప్రశ్నలు పరీక్ష చేసుకుంది. "జేజీ, నీ వృత్తి?" అంది. నేను పక్కింటివాళ్ళ చీరలకు ఫాల్స్ కుడుతున్నాను. "ఊరికే ఉండా" అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. ఆ పిల్ల ఫోనులో హౌస్ వైఫ్ అన్న దాన్ని తాకి ముందుకు పోయింది. గడి మారింది, అంతే.

మూడో అధ్యాయం విన్న మర్నాడు చెప్పేశాను. సోమవారం పుస్తకం ఇచ్చేయాలి, మధ్యలో నాలుగు రోజులే ఉన్నాయి. రేష్మ టీ తాగుతోంది.

"అమ్మీ, ఆ కట్టలో రాత నాది."

"ఏ కట్ట?"

"దస్తగిరి తాత ఫారాలు. సున్నాలేసింది నేను. అవి తప్పు."

మొదట నవ్వింది. తర్వాత లోపలికి పోయి కట్ట తెచ్చి, నా ఫాల్స్ లెక్కల పుస్తకం పక్కన పెట్టి రెండు రాతలూ చూసింది. నేను అంతా చెప్పాను, సుంకమ్మ గోరు, లక్ష్మి కొంగులో పత్తి, మా అమ్మ పళ్ళ మధ్య దారం. విని, "ఇప్పుడా జేజీ చెప్పేది?" అంది. "అప్పుడు వాళ్ళకు పని ఉండాదంటే, ఇప్పుడొచ్చిన మార్పేముంది? నేను రాసిందంతా దాని మీదనే కదా నిలబడింది." ఏడ్చింది కూడా. మా కొడుకు లోపలి నుంచి, అందుకే బి.ఇడి. చేయమంటి, విన్యావా అన్నాడు. వాడికి ఎప్పుడూ అదే మాట.

సాయంత్రం రేష్మ గైడు మేడంకు ఫోను చేసి నాకు వినపడేట్టు పెట్టింది. ఆమె మంచి మనిషే. గొంతులో తొందర, వెనక ఎవరో పిల్లల అరుపులు. "పెద్దామె జ్ఞాపకం అది రేష్మా. జ్ఞాపకం మారిపోతుంది. నీ దగ్గర డాక్యుమెంట్ ఉంది, అందులో ఏముందో అదే రాయి" అంది. నేను ఉండబట్టలేక, "మేడం, ఆ డాక్యుమెంట్ రాసింది నేనే" అన్నాను. ఆమె, "మీరేం చదువుకున్నారమ్మా?" అని అడిగింది. ఐదు అన్నాను. "చాలా సంతోషం" అంది, నిజంగానే సంతోషంగా. మా అమ్మ కుట్టిన బొంత ఒకటి ఇంకా ఇంట్లో ఉంది, మూల విప్పితే జొన్న గింజలు ఉంటాయి, అది చూపిస్తే సాక్ష్యం కాదా అన్నాను. "వస్తువులు మా డిపార్ట్‌మెంట్ కిందికి రావమ్మా. అది ఆంత్రోపాలజీ వాళ్ళు చూస్తారు" అంది. నా చేతి రాత ఆధారమైతే నా నోటి మాట ఎందుకు కాదని అడగాలనుకున్నాను. అడిగేలోగా ఆమెకు వేరే ఫోను వచ్చింది.

ఆ బొంత మూల నేను విప్పాను. రేష్మ చూస్తుండగానే విప్పాను. గింజలు నల్లబడి, పురుగు తిని, పొట్టు మిగిలి ఉంది. ఆ పిల్ల దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. కాగితంలో చుట్టి తన పెన్నుల డబ్బాలో పెట్టుకుంది. సోమవారం పొద్దున పుస్తకం అట్ట వేయించి, బ్యాగులో పెట్టుకుని, చెప్పులు వేసుకుంటూ గడపలో ఆగింది.

"మార్చలేదు జేజీ. టైము లేదు. పి.హెచ్.డి.లో సరి చేస్తాలే."

అన్న గొంతే. ఆ పిల్లకు తెలియదు తానేం అన్నదో. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మంచి మార్కులు వచ్చాయి. ఇంట్లో స్వీటు పంచారు, నేనూ తిన్నాను.

పదిరోజుల తర్వాత అడిగాను, డాక్యుమెంట్ అంటే ఏందని. ఎక్కడైనా అచ్చయి ఉండాలి, రాసినవాళ్ళ పేరుండాలి, పేజీ నంబరుండాలి, అప్పుడు ఎవరైనా దాన్ని తమ పుస్తకంలో పేజీ కింద వేసుకోవచ్చు అంది. ఐదు చదివినవాళ్ళు రాయకూడదని రూలుందా అన్నాను. లేదంది. అందుకని ఇదంతా రాశాను. నా అక్షరం ఇప్పటికీ గుండ్రంగానే ఉంది. ఈ ఒక్కటీ మాత్రం ఎవరో చెప్పింది చెప్పినట్టు రాయడం లేదు, నేను చూసింది రాస్తున్నాను.

పేరు హుసేనమ్మ. భర్త పేరు ఖాసీమయ్య. చదువు లేదు. ఏడో గడిలో వేసిన సున్నా కొట్టేశాను. ఆమె బొంతలు కుట్టేది. పరుపులు, దిండ్లు కుట్టి దూది నింపేది. భర్తకు దగ్గు వచ్చిన రోజుల్లో తలుపు సగం మూసి దూది ఏకేది. కొడుకు గైడు సారు ఇంటికి రెండు పరుపులు, ఆరు దిండ్లు, ఐదు బొంతలు ఆమె చేతివే. ఇది ఆమె కూతురు మాబున్ని రాసింది. రేష్మా, ఈ పేజీ నంబరు రాసుకో.